ఇస్తాంటె వద్దంటరా

జడ్చర్లలో బస్సెక్కి, కిటికీ పక్కన సీటు సంపాదించుకుని, ఇక ఊరు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని హాయిగా సర్దుకున్నాను. పక్క సీటులో కాలేజీ పిల్ల ఒకతె ఫోన్‌లో ఏదో ఆడుకుంటోంది. ఈ రోజుల్లో ఫోన్‌లో ఆడనివాళ్లెవరు కనుక, నేను పట్టించుకోలేదు. అంతలో ఆ ఫోన్‌లోంచి ఒక చప్పుడు వచ్చింది. పేకముక్కల కట్ట మీంచి పత్తా జారిన చప్పుడు, దాని వెనకే డాలు మీద దెబ్బ పడిన చప్పుడు. ఇన్నేళ్ల తరవాత కూడా దాన్ని వేరే దేనితోనూ పొరబడను. మెల్లగా తల తిప్పి చూశాను. ఆ పిల్ల ఒక పోరు గెలిచినట్టుంది, తెర మీద మూడు పత్తాలు పరిచి ఉన్నాయి. వాటి కింద, ఏదీ వద్దు అని చెప్పడానికి, ఎవరి కంటికీ ఆననంత చిన్న మీట. ఆ పిల్ల ఆలోచించను కూడా ఆలోచించకుండా మెరుస్తున్న పత్తాను తీసేసుకుంది. "అది తీసుకోకు" అనబోయి నాలుక కరుచుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి సలహాలివ్వడం ముసలివాళ్ల పని. నాకింకా ముప్పై నిండలేదు. అయినా ముసలి అలవాట్లు చాలానే పట్టుకున్నాయి, ఇలా జ్ఞాపకాలు రాసుకోవడం వాటిలో ఒకటి.

మోత్కూర్‌లో బస్సు దిగి ఆటోలో పోవాలి మా ఊరికి. మాది గొర్రెల ఇల్లు. ఆ సంగతి గడప దాకా రాకముందే తెలిసిపోతుంది. దొడ్డిలోని పెంట వాసన, తడిసిన గొంగడి వాసన, దోమలకు వేసే వేపాకు పొగ వాసన కలిసిన గాలిలో పుట్టి పెరిగాను కాబట్టి, కాలేజీలో పక్క బెంచీ పిల్లలు ముక్కు చిట్లించుకుంటే ఎందుకో చాలాకాలం నాకు అర్థం కాలేదు. పొద్దున్నే అమ్మ జొన్న గట్క వండేది. బాపు అది సద్ది కట్టించుకుని మందను తోలుకుపోయేవాడు. మా ఇంట్లో నీళ్లకు ఒక వరుస ఉండేది. ముందు జీవాలు తాగాలి, తరవాత ఇంటికొచ్చిన మనిషి తాగాలి, ఆ తరవాతే మనం. ఎంత ఎండలో తిరిగినా, కుంట దగ్గర ఆఖరి గొర్రె తల ఎత్తేదాకా బాపు నోరు తడుపుకునేవాడు కాదు. మా అవ్వ, అంటే బాపు తల్లి, వాకిట్లో నీడ పడితే చాలు, ఎవరు ఏమిటని అడగకముందే రంజన్ కుండలో చెంబు ముంచి ఎదురుపోయేది. కరెంటు మీటరు చూసే మనిషికి, దారి తప్పిన మనిషికి, మాతో పొలం గెట్టు పంచాయితీ ఉన్న మనిషికి కూడా. మా దగ్గర దాహాన్ని దూప అంటారు. "దూపైనోడు అడిగినంక ఇచ్చుడేంది బిడ్డా, అడగకముందే ఇయ్యాలె" అనేది. గుళ్లూ గోపురాలూ పెద్దగా ఎరగని మా అవ్వకు ఉన్న మతమంతా అదే.

అలాంటి ఇంట్లో అన్నకు నీళ్లు తాగకూడని జబ్బు వచ్చింది.

మల్లేశన్న నాకంటే ఐదారేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు చాలించి బాపు వెంట మందకు పోయేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండేవాడు. కాళ్లు వాస్తున్నాయని, అన్నం సయించడం లేదని దవాఖానకు తీసుకుపోతే, కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఎందుకు పోయాయో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. బోరు నీళ్లన్నారు, ఒళ్లునొప్పులకు మింగిన గోలీలన్నారు, మా మేనత్త అయితే దిష్టి అని తేల్చేసింది. వారానికి మూడుసార్లు జిల్లా దవాఖానకు పోయి మెషిన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. అమ్మ కిడ్నీ ఒకటి అన్నకు సరిపోతుందని హైదరాబాద్‌లో పరీక్షల్లో తేలింది. మిగిలిన పరీక్షలూ అనుమతులూ పూర్తయి ఆపరేషన్‌కు పిలుపు వచ్చేదాకా అన్న ప్రాణం నిలబెట్టుకోవాలి. మా ఇంటిల్లిపాదికీ ఆ రోజుల్లో ఉన్న పని అదొక్కటే. దానికి ఏం చేయాలో డాక్టరు వేళ్లు మడిచి మరీ చెప్పాడు. లోపలికి పోయిన నీళ్లకు బయటికి దారి లేదు, అవి ఊపిరితిత్తుల్లో చేరుతాయి, కాబట్టి నీళ్లు కట్టేయాలి. ఉప్పు తగ్గించాలి. అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్లు ముట్టకూడదు, వాటిలో ఉండే పొటాషియం పెరిగితే గుండె ఉన్నపళాన ఆగిపోతుంది. అమ్మ పొద్దున్నే ఒక చిన్న సీసా నింపి అన్న మంచం పక్కన పెట్టేది. రోజు మొత్తానికీ అవే నీళ్లు, గోలీలు మింగడానికి కూడా వాటిలోంచే.

బాపు మందను వదిలి రాలేడు, అమ్మకు ఇల్లూ కూలీ. అందుకని డిగ్రీ చదువుతున్న నేను, కాగితాల మీది ఇంగ్లిష్ చదవగలనన్న ఒక్క యోగ్యత మీద, అన్నతో దవాఖానకు పోయేదాన్ని. మెషిన్ల గది ఎప్పుడూ చల్లగా, స్పిరిట్ వాసనతో, మాటల్లేకుండా ఉండేది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎడమచేతికి లావుపాటి సూదులు, గొట్టాల్లో తిరుగుతున్న సొంత రక్తం కళ్లముందు. కానీ అన్నను బాధపెట్టింది సూదులు కావు, దూప. "నాలుక అట్టముక్క లెక్క అయితాంది సరూ" అనేవాడు. నా పేరు స్వరూప. గోడమీద ఉన్న నదీ పోస్టరు వైపు చూడలేక మొహం తిప్పుకునేవాడు. దాన్ని ఆ గదిలో తగిలించిన మహానుభావుడెవరో నాకు కనిపిస్తే నాలుగు మాటలు అడగాలని ఉండేది.

పక్క మంచం మీద తిరుమలగిరి వైపు కుర్రవాడొకడు ఉండేవాడు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. అన్న అవస్థ చూసి ఒకరోజు ఫోన్ ఇమ్మని అడిగి, దాంట్లో ఒక ఆట ఎక్కించి ఇచ్చాడు. "దీనికి నెట్ అక్కర్లేదన్నా. అవతల ఇంకో మనిషి గూడ అక్కర్లేదు. ఒక్కనివే ఆడుకోవచ్చు" అన్నాడు. "ఒక్కన్నే ఉన్నగ" అని నవ్వాడు అన్న. కొన్నాళ్లకు ఆ కుర్రవాడు రావడం మానేశాడు. ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు. అక్కడ ఎవరైనా రావడం మానేస్తే ఎందుకని ఎవరూ అడగరు, మేమూ అడగలేదు. ఆట మాత్రం మా దగ్గర ఉండిపోయింది.

దాని అసలు పేరు ఏదో ఉండేది, మేం కోట ఆట అనేవాళ్లం. పాడుబడిన కోటలోకి దీపం పట్టుకుని ఒక మనిషి పోతుంటాడు. అంతస్తు తరవాత అంతస్తు ఎక్కాలి, ప్రతి అంతస్తులోనూ దారి చీలుతుంది, ఏ దారిలో ఏముందో ఎక్కితే గానీ తెలియదు. చేతిలో కత్తి ఉండదు, పత్తాలుంటాయి. కొన్ని కొట్టే పత్తాలు, కొన్ని కాచుకునే పత్తాలు, మొదట్లో అన్నీ బక్కవే. ఎదుటి భూతం ఈసారి కొడుతుందా కాచుకుంటుందా అన్నది దాని నెత్తిమీద గుర్తుగా కనిపిస్తుంది. దాన్నిబట్టి మన చేతికొచ్చిన పత్తాల్లోంచి వేయాలి. గెలిచిన ప్రతిసారీ మూడు కొత్త పత్తాలు చూపిస్తారు. ఒకటి తీసుకుని మన కట్టలో కలుపుకోవచ్చు, వద్దనీ అనవచ్చు. చచ్చిపోతే అంతే సంగతులు. కూడబెట్టిన పత్తాలన్నీ పోతాయి, మళ్లీ కింది మెట్టు నుంచి అవే బక్క పత్తాలతో మొదలు. కోట కూడా మారిపోతుంది, దారులు మళ్లీ కొత్తగా పడతాయి. మనకు మిగిలేది పోయినసారి ఎందుకు చచ్చామో ఆ తెలివి ఒక్కటే. ఒక ఆట చావకుండా సాగితే దాదాపు మెషిన్ ఆగేదాకా వచ్చేది. కుడిచేయి ఒక్కటి చాలు ఆడడానికి.

మొదట్లో నేను పత్తాల మీది ఇంగ్లిష్ చదివి చెప్పేదాన్ని. తరవాత బొమ్మ చూస్తే చాలు అన్నకు. భూతాలకు మా ఊరి పేర్లు పెట్టాడు. ఎగిరొచ్చి పత్తా ఎత్తుకుపోయేదాన్ని గద్ద అనేవాడు. దెబ్బ కొట్టకుండా తిట్లతోనే మన బలం తగ్గించే ఒక ముసలి మంత్రగత్తెకు మా మేనత్త పేరు పెట్టాడు. సూదులు పొడిచి విషం ఎక్కించే పొట్టివాడు మా ఊరి ఆరెంపీ డాక్టరు. "ఆరెంపీ వచ్చిండు సరూ, డాలు దీయ్" అంటూ ఉంటే ఆ గదిలో ఉన్నామన్న సంగతి నేను కూడా మరిచిపోయేదాన్ని. నర్సమ్మ వచ్చి "ఏందమ్మా ఆ నవ్వులు, పెండ్లికొచ్చిండ్రా" అని కసిరేది. కసిరి, తనే తొంగి చూసేది. పై అంతస్తు దాకా పోయి ఒక్క పత్తా తక్కువై చచ్చిపోయినప్పుడు అన్న ఫోన్‌ను గుండెమీద బోర్లించి కాసేపు కళ్లు మూసుకునేవాడు. వెంటనే "ఇంకోపారి" అనేవాడు. చచ్చిపోయి మళ్లీ మొదలుపెట్టడంలో వాడికి అంత ఉత్సాహం ఎక్కడిదో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను ఆడితే ప్రతిసారీ తొందరగా చచ్చిపోయేదాన్ని. చూపిన పత్తాల్లో బాగున్నదల్లా తీసుకుని కట్ట లావుగా చేసుకుంటే గెలుస్తాననుకునేదాన్ని. అన్న అలా కాదు. పోరు గెలిచి మూడు పత్తాలు కనిపించగానే వేలు తెర మీద అలా ఆపి ఉంచి, చివరికి ఎక్కువసార్లు కింది చిన్న మీటే నొక్కేవాడు. పైగా కోటలో ఒక దుకాణం ఉండేది. అక్కడ కొత్త పత్తాలు కొనుక్కోవడం మానేసి, ఉన్న పత్తా ఒకటి తీసేయించుకుని వచ్చేవాడు.

"గిదేం బేరం అన్నా, ఉన్నది పారేసుకుంటందుకు దుకాణానికి పోతవా?" అన్నాను.

"నీకు మంద తెల్వదు సరూ. చేతికి ఐదు పత్తాలే వస్తయ్. కట్ట పెద్దగైతే నాకు కావాల్సింది ఎన్నడొస్తదో తెల్వదు. మంద చిన్నగుండాలె, దేన్ని పిలిస్తే అది రావాలె."

"మంచి పత్తా వస్తే గూడ తీసుకోవా?"

"మంచిదే. నాకు పనికొచ్చుడు వేరే, అది మంచిదగుడు వేరే."

ఆ మాట వినగానే నేను అమ్మ నింపే సీసా గురించి ఆలోచించాను. అన్న కూడా అదే ఆలోచించి ఉంటాడు, ఎందుకంటే వాడి చూపు ఒకసారి నదీ పోస్టరు వైపు పోయి వచ్చింది. ఒక వానాకాలం మధ్యాహ్నం అలాగే పిడికెడు పత్తాలతో పైదాకా పోయాడు. ఎదుటివాడు కొట్టిన ప్రతి దెబ్బా వాడికే తిరిగి తగిలే పత్తా ఒకటి, దాన్ని పదేపదే చేతికి తెచ్చే పత్తాలు కొన్ని, మిగతావి డాళ్లు. ఆఖరి అంతస్తులో ఎన్నో చేతుల రాక్షసుడు వాడి దెబ్బలకు వాడే కూలిపోయాడు. తెర నిండా బంగారు వెలుగు. అన్న అరవబోయి, చేతికున్న సూదులు గుర్తొచ్చి, గొంతు లోపలే అరిచాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. "ఒంట్ల ఇంక గిన్ని నీళ్లున్నయా" అని తనమీద తనే జోకు వేసుకున్నాడు. మా అన్నను అంత సంతోషంగా నేను చూసింది, ఆరోగ్యంగా ఉన్న రోజుల్ని కూడా కలుపుకుని చెబుతున్నాను, ఆరోజే.

ఇంతలో బరువు సంగతి వచ్చింది. మెషిన్ ఎక్కేముందు తూకం చూస్తారు, పెరిగిన బరువంతా తాగిన నీళ్లే. అన్న సీసాలో సాయంత్రానికి ఇంకా నీళ్లు మిగిలి ఉండేవి, అది నేను కళ్లారా చూసిందే. అయినా తూకం ఒప్పుకోవడం లేదు. "ఏం తాగుతున్నవ్ మల్లేశ్? సస్తవ్ గిట్లైతే" అని మెషిన్ చూసే ఆయన కోప్పడితే, అన్న తల వంచుకుని "దూప ఆగలే సార్" అన్నాడు. తిరుగు ప్రయాణంలో నిలదీశాను. కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. మధ్యాహ్నం అందరం బయటికి పోయాక అవ్వ చెంబు నిండా మజ్జిగ తెచ్చి మంచం మీద కూర్చుంటుంది. తాగేదాకా లేవదు.

"వద్దని చెప్పొచ్చు గదా!"

"చెప్పిన. ఏడుస్తదే. నా ఎదురుంగనే కూసోని ముసల్ది ఏడుస్తాంటె నేనెట్ల జూడాలె?"

ఇంట్లో పెద్ద రభస అయింది. బాపు అంత గట్టిగా తల్లిమీద అరవడం నేను అంతకుముందు వినలేదు. అవ్వకు మాత్రం మా బుర్రల మీదే అనుమానం. జబ్బుపడ్డ గొర్రెకు కూడా ముందు నీళ్లు పెట్టి తరవాత మందు పోస్తారు, మనిషికి నీళ్లు కట్టేసే వైద్యం ఏ లోకంలో ఉంది? ఆ మెషిన్ పిల్లవాడి రక్తాన్ని ఎండబెడుతోందని, దానికి చలువ చేయాలని ఆవిడ వాదన. చివరికి నేనే ఆవిడను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు మంచివాడు, పని ఆపి, స్టూలు వేసి కూర్చోబెట్టి, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అవ్వ చేతులు కట్టుకుని, మధ్యమధ్య "అయితది సారూ, గట్లనే సారూ" అంటూ విన్నది. బయటికొచ్చాక కొంగుతో మొహం తుడుచుకుని, "పిలగాడు మంచోడే గని, ఆనికి అవ్వ లేనట్టుంది" అంది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు నాకు. గేటు ముందు ఆటో కోసం నిలబడ్డాం. అక్కడ బండిమీద కొబ్బరిబొండాలు కొట్టి ఇస్తున్నారు, లోపల ఉన్న వాళ్లకోసం చుట్టాలు ఎగబడి కొనుక్కుని పోతున్నారు. అవ్వ ఆ బండి వైపే చాలాసేపు చూసింది. ఎండకు ఆగలేక అటు చూస్తోందనుకున్నాను.

అవ్వకు మాటలతో ఎక్కదని తేలిపోయాక అన్నకు ఒక ఆలోచన వచ్చింది. అసలు ఆ ఆటంటేనే అవ్వకు గిట్టేది కాదు. పత్తాలాటలో మా తాత రెండు పొట్టేళ్లను పోగొట్టిన ఇల్లు మాది, "దవాఖానల పండుకోని గూడ పత్తాలేందిరా" అని సణిగేది. ఒక మధ్యాహ్నం అన్న ఆవిడను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, పొట్టేళ్లు పోవని నమ్మించి, ఫోన్ చేతిలో పెట్టాడు. నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. భూతాలను కొట్టడం అవ్వకు భలే నచ్చింది. మేనత్త పేరున్న మంత్రగత్తె రాగానే "దీన్ని గట్టిగ కొట్టు" అని ఉత్సాహపడింది. గెలిచి మూడు పత్తాలు కనిపించాయి.

"ఏది తీసుకుందం అవ్వా?"

"మూడు తీసుకో."

"మూడియ్యడు, ఒకటే ఇస్తడు. వద్దంటే వద్దు గూడ అనొచ్చు."

అవ్వ వాడి మొహంలోకి వింతగా చూసింది. "ఇస్తాంటె వద్దంటరా? ఇచ్చేటోని మనసు నొవ్వదా? తీసుకో."

అన్న ఆవిడ చెప్పిందే నొక్కాడు. ఆ మధ్యాహ్నం ఆట ఇచ్చిన ప్రతి పత్తా అవ్వ తీసుకుంది. దుకాణంలో చేతికొచ్చినవన్నీ కొంది. పాత పత్తా తీసేద్దామంటే "మొదటి నుంచి మనెంట వచ్చింది గదరా" అని ఒప్పుకోలేదు. కట్ట ఉబ్బిపోయింది. నడిమి అంతస్తులో ఒక భూతం పెద్ద దెబ్బకు చేయెత్తింది. డాలు కావాలి. కట్టలో డాళ్లు చాలానే ఉన్నాయి, చేతికి ఒక్కటి రాలేదు. అన్నీ మంచి మంచి పత్తాలే వచ్చాయి, ఏదీ ఆ క్షణానికి పనికొచ్చేది కాదు. దీపం పట్టుకున్న మనిషి పడిపోయాడు. తెర నల్లబడింది.

అవ్వ ఆ నల్లటి తెరను కొంగుతో తుడిచి చూసింది. "మంచియన్ని తీసుకుంటిమి గద. ఎట్ల సచ్చినం?"

"గందుకే సచ్చినం అవ్వా" అన్నాడు అన్న. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, సూదుల గుర్తులున్న తన చేతిమీద పెట్టుకున్నాడు. "నువ్వు తెచ్చే మజ్జిగ మంచిదే. నాకు పడుడే లేదు."

అవ్వ లేచి పోయి రంజన్ మీద మూత సరిచేసి, దొడ్డివైపు వెళ్లిపోయింది. ఆ తరవాత మజ్జిగ చెంబు మంచం దగ్గరికి రాలేదు. తూకం దారికి వచ్చింది. మెషిన్ చూసే ఆయన "గిట్లుండాలె" అని భుజం తట్టాడు. డాక్టర్లు చెప్పలేనిది అన్న ఫోన్‌తో చెప్పాడని నేను ఊళ్లో గొప్పగా చెప్పుకున్నాను. హైదరాబాద్ నుంచి కూడా ఇక ఎంతోకాలం పట్టదని కబురొచ్చింది. అమ్మ కొత్త చీర ఒకటి పక్కన పెట్టుకుంది, దవాఖానలో చేరేరోజు కట్టుకోవడానికి.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం గొర్రెల బొచ్చు కత్తిరించడం పెట్టుకున్నారు. ముందు మందనంతా బోరు దగ్గర కడగాలి, ఎంతమంది ఉన్నా చేతులు చాలవు, నేనూ పోయాను. ఇంట్లో అన్నా అవ్వా ఉన్నారు. మెషిన్ మీదికి పోయి రెండు రోజులు దాటింది, వారం మొత్తంలో అన్నకు అన్నిటికంటే కష్టమైన రోజు అదే. మేం తడిసిన బట్టలతో, ఒళ్లంతా బొచ్చుతో, పొద్దు తిరిగాక ఇల్లు చేరాం. అన్న గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. "కాళ్లు లేస్తలేవు సరూ" అన్నాడు మామూలుగా, చెప్పు కనిపించడం లేదన్నట్టు. నాడి పట్టుకుంటే ఒకసారి కొట్టి, ఎటో పోయి, మళ్లీ కొడుతోంది. మంచం కింద రెండు కొబ్బరిబొండాలు, మూతులు కొట్టినవి, ఖాళీవి.

అవ్వ మాట తప్పలేదు. నీళ్లు వద్దన్నారు, నీళ్లు ఇవ్వలేదు. మజ్జిగ పడదన్నాడు, మజ్జిగ ఇవ్వలేదు. కొబ్బరిబొండం ఆవిడ లెక్కలో నీళ్లు కాదు, మందు. పెద్ద దవాఖాన గేటు ముందే రోగులందరికీ తాగిస్తుంటే కళ్లారా చూసింది. మోత్కూర్ పోయే ఆటో అతన్ని బతిమాలి తెప్పించుకుంది. డాక్టరు తనకు చెప్పినదాంట్లో నీళ్ల మాట అంతా గుర్తుంది, పండ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ముసలి చెవి ఎటో పోయి ఉంటుంది.

ఆటోలో అన్న తల నా ఒళ్లో ఉంది. బాపు ముందు కూర్చుని డ్రైవర్‌ను తొందరపెడుతున్నాడు. దారి సగం కూడా కాలేదు. అన్న కళ్లు తెరిచి, "అవ్వను ఏమనకుండ్రి" అన్నాడు. ఆ తరవాత దవాఖాన దాకా పోయాం గానీ, పోవడానికి కారణం ఏమీ మిగల్లేదు.

ఊరంతా చాటున అవ్వదే తప్పు అంది. నా కోపం మాత్రం ఆవిడ మీద కాదు. అన్న మీద. కొబ్బరినీళ్లు తాగితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు వాడు, ఆటోలో వాడు చెప్పిన ఆ ఒక్క మాటే దానికి సాక్ష్యం. ఎంత మెరిసే పత్తా వచ్చినా వేలు కదలకుండా వద్దనగలిగిన మనిషి, బొండం పట్టుకుని కూర్చున్న ముసలిదానికి వద్దని చెప్పలేకపోయాడు. దూపకు తాగాడా, ఆవిడ ఏడుస్తుందని తాగాడా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడా? ఎన్నోసార్లు వాడితో మనసులో పోట్లాడాను. అమ్మ కిడ్నీ ఇస్తానంటే దానికోసం ఆగలేకపోయావేంరా అని అరిచాను. అమ్మ ఆ చీరను కట్టుకోనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. నాకు అన్న మీద ప్రేమ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

దినాలప్పుడు మేనత్త నోరు ఆపుకోలేక, "కొబ్బరినీళ్లు తాపి పిలగాన్ని పొట్టన పెట్టుకున్నవ్" అని అందరిలో అనేసింది. అవ్వ ఏడవలేదు. ఆ పూట అందరూ తిన్నాక నా పక్కకు వచ్చి, "గా నీళ్లతోనేనా బిడ్డా?" అని అడిగింది. అబద్ధం చెప్పబోయి, ఎంగిలి విస్తళ్లు ఎత్తడానికి వంగాను. అవ్వ తలూపి లేచిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో చాలా మారాయి. వాకిట్లోకే నల్లా వచ్చింది, బోరు దగ్గర బిందెల వరుస లేదు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, దాంట్లో చల్లటి సీసాలు ఎన్ని కావాలంటే అన్ని. మంద సగం చేశాడు బాపు, వెంట పోయే మనిషి లేక. నేను జడ్చర్లలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. గోలీలో ఏది ఎంత ఉందో కొలవడం నా పని, ఈ చదువు మా ఇంట్లో ఇంకొంచెం ముందు పుట్టి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించడం మానుకోలేకపోతున్నాను. అప్పుడు నీళ్లు దొరకడం కష్టం, ఇవ్వడం తేలిక. ఇప్పుడు దొరకడం తేలికే, ఇవ్వడమే మా గడపలో కష్టమైపోయింది.

అవ్వకు చూపు బాగా తగ్గింది. కానీ వాకిట్లో నీడ పడితే ఇప్పటికీ లేస్తుంది, చెంబు ముంచుతుంది, ఎదురుపోతుంది. అక్కడ ఆగిపోతుంది. మొన్న ఎండలో గొర్రెల బేరానికి వచ్చిన ఒకతను చెంబు కోసం చెయ్యి చాపాడు. అవ్వ ఇవ్వలేదు, రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుంది. "నువ్వు తాగొచ్చునా బిడ్డా? దవాఖానోళ్లు ఏమన్న వద్దన్నరా?" అని అడిగింది. అతను నవ్వి, "నీళ్లు తాగనీకి ఎవ్వరు వద్దంటరవ్వా?" అన్నాడు. అవ్వ నవ్వలేదు. "సరిగ చెప్పు. ఒట్టు పెట్టి చెప్పు" అంది. అతను మా మొహాలు చూసి నవ్వు ఆపేసుకుని, తాగొచ్చు అవ్వా, ఒట్టు, అన్నాక గానీ చెంబు అతని చేతికి రాలేదు. తాగినంతసేపూ ఆవిడ అక్కడే నిలబడి, కనపడని కళ్లతో అతని గొంతు వైపు చూస్తూనే ఉంది.

నేను పోయినప్పుడల్లా నన్నూ అడుగుతుంది. సొంత మనవరాలిని, నిన్ననే ఫోన్‌లో మాట్లాడినదాన్ని, అడుగుతుంది. తాగొచ్చు అవ్వా, నాకేం లేదు, అంటాను. దూప ఉన్నా లేకున్నా చెంబు మొత్తం ఆవిడ ముందే తాగేసి, ఖాళీ చెంబు చేతికిచ్చి, ఇంకాసేపు అక్కడే నిలబడతాను, నాకేమీ కాలేదని ఆవిడకు నమ్మకం కుదిరేదాకా.